క్యాడ్, ఎలక్ట్రానిక్స్ నేర్చుకునేవాళ్లు ఏ పుస్తకం కొనాలి?

(బెజ్జంకిలో జరిగిన మన ఎరుకల సంఘం యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నా మాటలు ముఖ్యంగా మీతోనే.

సంఘం వాళ్లు ఫోన్ చేసి "పిల్లలకు స్ఫూర్తిగా నాలుగు ముక్కలు చెప్పన్నా" అన్నారు. స్ఫూర్తి చెప్పేవాళ్లు మనకు చాలామందే ఉన్నారు. నేను పుస్తకాల గురించి చెప్తానన్నాను. ఎందుకంటే ఈ మధ్య నాకు ఫోన్ చేసే మన పిల్లలంతా అదే అడుగుతున్నారు. "అన్నా, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ సీటొచ్చింది, ఏ పుస్తకం కొనాలె?" "అన్నా, క్యాడ్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తదంటున్నరు, ఈ పుస్తకం మంచిదేనా?" అని అట్ట ఫొటో తీసి పంపిస్తారు. అట్టలన్నీ బాగానే ఉంటాయి. అట్ట చూసి పుస్తకం కొనడమెట్లాంటిదో నాకు బాగా తెలుసు. నేను అట్లనే కొన్నాను.

2010 సంగతి. అప్పుడు నేను డిప్లొమా మొదటి సంవత్సరంలో ఉన్నాను. మన బెజ్జంకి అప్పటికింకా కరీంనగర్ జిల్లాలోనే ఉంది, సిద్దిపేటలో కలిసింది 2016లో. కాబట్టి ఏది కొనాలన్నా బెజ్జంకి క్రాసింగ్ దగ్గర బస్సెక్కి కరీంనగర్ పోవడమే. గుట్ట మీద నరసింహస్వామి జాతరలో అమ్మ ఈత చీపుర్లు, చాటలు అమ్మింది. 40 చీపుర్ల పైసలు, 400 రూపాయలు, నా చేతిలో పెట్టి "సదువుకు కావాల్సింది కొనుక్కో" అంది. నేను పోయి ఆటోక్యాడ్ అని పెద్ద అక్షరాలున్న లావుపాటి పుస్తకం 350 పెట్టి తెచ్చుకున్నాను. మిగిలిన 50 బస్సుకీ, మిర్చి బజ్జీలకీ.

ఆ పుస్తకం 2006 వెర్షన్‌కు రాసింది. నేను నేర్చుకోవడానికి పోయిన చోట కంప్యూటర్లో ఉన్నది 2010 వెర్షన్. నడుమ 2009 వెర్షన్‌తో ఆటోక్యాడ్ ముఖమే మారిపోయింది. పైన వరుసగా ఉండే మెనూలు పోయి, బొమ్మల పట్టీ ఒకటొచ్చింది. దాన్ని రిబ్బన్ అంటారు. పుస్తకంలో "డ్రా మెనూ తెరవండి" అని ఉంటుంది. తెర మీద డ్రా మెనూ లేదు. నేను మూడు రోజులు వెతికాను. ఇంకొకర్ని అడగడానికి సిగ్గు. ఎరుకలోళ్ల పిల్లగాడు కంప్యూటర్ ముందు కూర్చుని ఏమీ తెలియక బిక్కమొహం వేశాడని అనుకుంటారేమోనన్న సిగ్గు అది. మీలో కొందరికి తెలిసే ఉంటుంది. నాలుగో రోజు పుస్తకం సంచిలో పెట్టేశాను. మళ్లీ ఏడాది దాకా తీయలేదు. పాత మెనూలు కావాలంటే వర్క్‌స్పేస్ 'క్లాసిక్' అని మారిస్తే చాలునని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ ఒక్క క్లిక్కు తెలియక 40 చీపుర్ల కష్టం, ఒక ఏడాది కాలం పోయాయి.

అయితే ఆ పుస్తకంలో పనికొచ్చేది ఏమీ లేదా? ఉంది. లైన్, సర్కిల్, ఆఫ్‌సెట్, ట్రిమ్, ఫిల్లెట్. ఈ ఆదేశాలు కీబోర్డు మీద టైపు చేస్తే అప్పుడూ పనిచేశాయి, ఇప్పుడూ పనిచేస్తాయి. ఆటోక్యాడ్ మొదట బయటికి వచ్చింది 1982 డిసెంబరులో. అప్పటినుంచి మెనూల ముఖం ఎన్నిసార్లు మారిందో లెక్కలేదు గాని, గీత గీతే, వృత్తం వృత్తమే. కాబట్టి సాఫ్ట్‌వేర్ పుస్తకం చూసినప్పుడు ముందు వెర్షన్ నంబరు చూడండి. మీరు కూర్చునే కంప్యూటర్లో ఉన్నదీ, పుస్తకంలో ఉన్నదీ ఒకటో కాదో చూడండి. ఆ తర్వాత లోపల తెరవండి. పేజీ అంతా "ఇక్కడ నొక్కండి, అక్కడ నొక్కండి" అనే ఉంటే అది రెండేళ్లలో ముసలిదైపోయే పుస్తకం. అది కొనకండి. ఆ సంగతులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చదువుకునేవాళ్లకు ఆటోక్యాడ్ కూడా ఆ కంపెనీయే ఉచితంగా ఇస్తోంది. అది వద్దనుకుంటే ఫ్రీక్యాడ్, లిబ్రెక్యాడ్ ఎవరి అనుమతీ అక్కర్లేకుండా దొరుకుతాయి.

మరి పైసలు పెట్టి కొనాల్సింది ఏది? నన్నడిగితే, కంప్యూటర్ ఊసే లేని డ్రాయింగ్ పుస్తకం. ఎన్.డి. భట్ గారి 'ఇంజనీరింగ్ డ్రాయింగ్' ఉంది, గుజరాత్‌లోని ఆనంద్ నుంచి అచ్చవుతుంది. మన దగ్గర ఇంజనీరింగ్ చదివినవాళ్లలో దాన్ని చేత్తో పట్టుకోనివాళ్లు తక్కువ. కె.ఎల్. నారాయణ, పి. కన్నయ్య గార్లు రాసింది ఉంది, వాళ్లు మన తెలుగు అధ్యాపకులే. రెంటిలో ఏదైనా ఒకటి చాలు. పాత ముద్రణైనా పరవాలేదు. శంకువును కోస్తే ఏ ఆకారం వస్తుందో, అది 20 ఏళ్ల కింద ఒకటి, ఇప్పుడొకటి కాదు గదా. ఇక్కడ మాత్రం ఒక షరతుంది. దాని గురించి కొంచెం నింపాదిగా చెప్తాను, ఎందుకంటే దాని మీద నా జీతం పోయింది.

డిప్లొమా అయ్యాక హైదరాబాద్ బాలానగర్‌లో ఒక చిన్న షెడ్డులో చేరాను. కరెంటు ప్యానెల్ బోర్డులు తయారుచేసేవాళ్లు. నా పని డ్రాయింగులు. అప్పటికి నేను డ్రాయింగ్ బాగా నేర్చుకున్నాననే నమ్మకం. ఎక్కడ నేర్చుకున్నాను? ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద 40 రూపాయలకు దొరికిన అమెరికా పుస్తకంలో. మంచి కాగితం, మంచి బొమ్మలు. రోజూ రాత్రి ఒక్కో లెక్క వేసేవాణ్ని. షెడ్డులో ఒకసారి 60 బ్రాకెట్లకు డ్రాయింగ్ ఇచ్చాను. ఎల్ ఆకారపు రేకు, ఒక పక్కన మాత్రమే పొడుగు రంధ్రం. మేస్త్రీ 60 కోసి, వంచి, రంధ్రాలు కొట్టి పెట్టాడు. బిగించబోతే ఒక్కటి కూర్చోలేదు. రంధ్రం అవతలి పక్కన ఉంది. 60కి 60 ఎడమ చెయ్యివి అయిపోయాయి, కావాల్సినవి కుడి చెయ్యివి. మేస్త్రీ తప్పు చేయలేదు. నా డ్రాయింగ్ కూడా, ఆ పుస్తకం ప్రకారం చూస్తే, తప్పు కాదు. యజమాని మాత్రం రెండు నెలలు నా జీతంలోంచి రేకు ఖరీదు కోసుకున్నాడు.

ఏం జరిగిందో చెప్తాను. గోడ ముందు ఒక గంప పెట్టండి. మీరు ఈవల నిలబడి టార్చిలైటు వేయండి. గంప నీడ వెనక గోడ మీద పడుతుంది. ఎడమ నుంచి లైటు వేస్తే నీడ కుడి గోడ మీద పడుతుంది. పైనుంచి వేస్తే కింద నేల మీద. ఇట్లా నీడ ఎక్కడ పడితే అక్కడ గీయడం ఫస్ట్ యాంగిల్ పద్ధతి. ఇప్పుడు గంపకూ మీకూ నడుమ గాజుపలక పెట్టుకుని, కనిపించినదాన్ని ఆ పలక మీదనే గీయండి. ఎడమ నుంచి చూసింది ఎడమవైపే ఉంటుంది. పైనుంచి చూసింది పైనే ఉంటుంది. అది థర్డ్ యాంగిల్. అమెరికా వాళ్లది రెండోది. మన భారతీయ ప్రమాణాల సంస్థ బడులకూ కాలేజీలకూ తయారుచేసిన ఎస్.పి. 46 లో ఉన్నది మొదటిది. నేను గాజుపలక పద్ధతిలో గీశాను, మేస్త్రీ నీడ పద్ధతిలో చదివాడు. ఎడమ కుడి అయింది.

డ్రాయింగ్ కింద మూలన ఒక చిన్న గుర్తు పెట్టి ఉంటే ఇది జరిగేది కాదు. ఆ గుర్తు ఎట్లుంటుందో తెలుసా? అచ్చం పక్కకు పడుకోబెట్టిన మన గంపలాగే. ఒక చివర సన్నం, ఒక చివర వెడల్పు. పక్కన రెండు వలయాలు. ఆ వలయాలు సన్నం చివరి వైపున ఉంటే థర్డ్ యాంగిల్. వెడల్పు చివరి వైపున ఉంటే ఫస్ట్ యాంగిల్. నేను చదివిన పుస్తకంలో ఆ గుర్తుకు అరపేజీ ఇచ్చారు. మనకవసరం లేదులే అని దాటేశాను.

ఆ పాడైన బ్రాకెట్ ఒకటి, డ్రాయింగ్ కాగితం ఒకటి ఇంటికి తెచ్చాను. మా నాయినకు సంతకం తప్ప చదువు రాదు. దబ్బలు చీరుతూ కూర్చున్నాడు. బ్రాకెట్‌ను చేతిలో అటూ ఇటూ తిప్పి, కాగితం చూసి, "ఏ దిక్కు నుంచి సూసి గీసినవ్ బిడ్డా?" అన్నాడు. నేను చెప్పాను. "ఆ ముచ్చట దీని మీద రాసినవా? చాట మూతి ఏ దిక్కో చెప్పకుంటే అల్లేటోడు ఏమల్లుతడు?" అన్నాడు, మళ్లీ దబ్బల్లో పడ్డాడు. మూడేళ్ల డిప్లొమాలో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

డ్రాయింగ్ పుస్తకం కొనేటప్పుడు మీరు చూడాల్సింది అదే. మొదటి 50 పేజీల్లో ఆ గుర్తు ఎక్కడుందో వెతకండి. ఏ పద్ధతో చూడండి. కొలతలు మిల్లీమీటర్లలో ఉన్నాయా, అంగుళాల్లో ఉన్నాయా చూడండి. అమెరికా పుస్తకాలు చదవొద్దని కాదు, నా దగ్గర ఇప్పటికీ అది ఉంది. మొదటి పుస్తకంగా మాత్రం వద్దు.

ఇక ఎలక్ట్రానిక్స్. నేనిప్పుడు చేసేది సర్క్యూట్ బోర్డుల డిజైన్. క్యాడ్, ఎలక్ట్రానిక్స్ రెండూ కలిసే చోటు అది. ఇక్కడ మన పిల్లలు చేసే పొరపాటు వేరేరకం. పెద్ద పేరున్న పుస్తకంతో మొదలుపెడతారు. హొరోవిట్జ్, హిల్ రాసిన 'ది ఆర్ట్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్' గొప్ప పుస్తకమని యూట్యూబ్‌లో అందరూ చెప్తారు. నిజంగానే గొప్పది. మొదటి ముద్రణ 1980, మూడో ముద్రణ 2015. మూడోది 1200 పేజీలు దాటుతుంది. పని చేసేవాళ్లకు అది బంగారం. తెలుగు మీడియంలో పది చదివి డిప్లొమాలో చేరిన పిల్లకు మొదటి నెలలోనే దాన్నిస్తే ఆ పిల్ల ఎలక్ట్రానిక్స్ మానేసి బస్సెక్కి ఇంటికొస్తుంది. మిల్‌మన్, హల్కియాస్ పుస్తకం కూడా అంతే, రెండో ఏడు చదవాల్సింది. మొదటి మెట్టుకు వి.కె. మెహతా 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్' చాలు. కొందరు లెక్చరర్లు దాన్ని చిన్నచూపు చూస్తారు, లోతు లేదంటారు. ఉండొచ్చు. కాని ప్రతి సూత్రం కిందా చేసి చూపిన లెక్కలుంటాయి. ఒంటరిగా చదివేవాడికి లెక్క చేసి చూపించే పుస్తకమే తోడు. డిజిటల్‌కు మోరిస్ మానో. బాయిలస్టాడ్ రెండో ఏడాదికి దాచుకోండి.

అంతకంటే ముందు చదవాల్సింది ఇంకొకటుంది, అది తెలుగులోనే ఉంది. తెలుగు అకాడమీ ఇంటర్ రెండో సంవత్సరం భౌతికశాస్త్రం పుస్తకంలో చివరి భాగంలో అర్ధవాహకాల పాఠం ఉంది. డయోడు, ట్రాన్సిస్టరు ఏమిటో మన భాషలో ఉంది. అది రెండుసార్లు చదివి ఇంగ్లీషు పుస్తకం తెరవండి. మన ఇంట్లో కుర్రు భాష, బడిలో తెలుగు, పాలిటెక్నిక్‌లో ఇంగ్లీషు. మూడో భాషలో కొత్త విషయం నేర్చుకోవడం రెండు బరువులు ఒకేసారి ఎత్తుకోవడమే. ఒక బరువు ముందే దించుకుంటే తప్పేం లేదు. ఐఐటీ బొంబాయి వాళ్ల 'స్పోకెన్ ట్యుటోరియల్' పాఠాల్లో కొన్ని తెలుగు గొంతుతో కూడా ఉన్నాయి, వెతకండి.

షాపులో నిలబడి ఎలక్ట్రానిక్స్ పుస్తకాన్ని ఎట్లా పరీక్షించాలి? నేను చేసే పని చెప్తాను. 9 వోల్టుల బ్యాటరీకి ఒక ఎర్ర ఎల్‌ఈడీ కలపాలి. ఎల్‌ఈడీ దగ్గర సుమారు 2 వోల్టులు ఆగుతాయి, మిగిలింది 7. 15 మిల్లీ ఆంపియర్లు పోవాలంటే 7ను 0.015తో భాగించు, 467 ఓములు వస్తుంది. కాని కోఠీలో దుకాణానికి పోయి 467 ఓముల రెసిస్టర్ అడిగితే నవ్వుతారు. దొరికేది 470. ఎందుకు 470, ఆ తర్వాత 560 ఎందుకు, నడుమ 500 ఎందుకు ఉండదు, ఇది చెప్పే పుస్తకం దుకాణానికి పోయినవాడు రాసింది. 466.67 అని గీత గీసి వదిలేసేది పరీక్షకు మాత్రమే రాసింది. పరీక్ష కూడా పాస్ కావాలి, కాదనను. దేనికి ఏది కొంటున్నామో తెలిసి కొనాలి.

ఇక్కడ కూడా నాయిన ప్రశ్నే ఎదురొస్తుంది. బీసీ 547 అనే ట్రాన్సిస్టరు ఉంది, ప్రతి కిట్టులో ఉంటుంది. దాని చదును ముఖం మీవైపు, కాళ్లు కిందికి పెట్టి చూస్తే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. పీఎన్ 2222 అని ఇంకొకటుంది, చూడ్డానికి కవల పిల్లలే. దాంట్లో ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. ఒకదాని బదులు ఇంకోటి పెడితే సర్క్యూట్ పనిచేయదు, మీరేమో చదువు రాలేదనుకుంటారు. ఏ పుస్తకమూ దీన్నుంచి మిమ్మల్ని కాపాడలేదు. ఆ వస్తువు తయారుచేసినవాళ్లు ఇచ్చే డేటాషీటే కాపాడుతుంది. ఉచితంగా దొరుకుతుంది. అది చదవడం అలవాటు చేసే పుస్తకం మంచి పుస్తకం. కొన్ని పుస్తకాల్లో డేటాషీట్ అన్న మాటే కనిపించదు.

బోర్డుల డిజైన్‌కు మన దేశంలోనే రాసిన రెండు పుస్తకాలున్నాయి. ఒకటి వాల్టర్ బోషార్ట్ రాసింది, 1983లో వచ్చింది. ఆయన బెంగళూరు ఐఐఎస్‌సీలో స్విట్జర్లాండ్ సాయంతో నడిచిన ఎలక్ట్రానిక్స్ డిజైన్ కేంద్రంలో పనిచేశారు. అప్పట్లో పారదర్శకమైన షీటు మీద నల్ల టేపు అతికించి బోర్డు గీసేవాళ్లు. ఆ టేపు కాలం పోయింది. కాని రాగి గీత ఎంత వెడల్పుంటే ఎంత కరెంటు మోస్తుంది, నేల తీగను ఎట్లా పోనివ్వాలి అనేవి ఇప్పటికీ చెల్లుతాయి. రెండోది ఆర్.ఎస్. ఖండ్‌పూర్ గారిది, బోర్డు తయారీ అంతా వివరంగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం కైక్యాడ్. ఫ్రాన్సులో ఒక అధ్యాపకుడు 1992లో మొదలుపెట్టాడు, పూర్తిగా ఉచితం. ఐఐటీ బొంబాయి వాళ్ల ఈసిమ్‌లో అదీ ఉంటుంది, సర్క్యూట్‌ను నడిపి చూసే ఎన్‌జీస్పైస్ కూడా ఉంటుంది. బోర్డు కింది పొరను కైక్యాడ్‌లో పైనుంచి, బోర్డులోంచి చూసినట్టు చూస్తాం. కాబట్టి కింది పొర మీద రాసిన అక్షరాలు తెర మీద అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపించాలి. సూటిగా కనిపిస్తున్నాయంటే బోర్డు చేతికొచ్చాక అవి తిరగబడతాయి. మళ్లీ అదే, ఏ దిక్కు నుంచి చూసి గీశావ్ అని.

మన సంఘం బ్యానర్ మీద ఏకలవ్యుడి బొమ్మ ఉంది. గురువు లేకుండా నేర్చుకున్నవాడని మనం చెప్పుకుంటాం, గర్వంగా. నాకెప్పుడూ ఒకటి అనిపిస్తుంది. ఆయన పెట్టుకున్నది మట్టి బొమ్మ, అది నోరు తెరిచి తప్పు చెప్పదు. పుస్తకం చెబుతుంది. లేదా సరైన మాటే మనకు పనికిరాని చోట చెబుతుంది. అందుకే ఒక్క పుస్తకాన్ని నమ్ముకోకండి. ఒకే పాఠం రెండు పుస్తకాల్లో చదివితే, రెండూ ఎక్కడ వేరుగా చెప్తున్నాయో అక్కడే అసలు సంగతి ఉంటుంది.

రెండు పుస్తకాలంటే పైసలు ఎక్కడివి అంటారు. డ్రాయింగ్, మొదటి ఎలక్ట్రానిక్స్ పుస్తకాలు కోఠీలో, ఆదివారం ఆబిడ్స్‌లో పాతవి కొనండి. బేరమాడండి, మనకు రాని విద్య కాదు. కొనే ముందు పేజీలన్నీ ఉన్నాయో లేదో తిప్పి చూడండి, జవాబుల పేజీలు చింపుకుపోతారు. సాఫ్ట్‌వేర్ పుస్తకాలు పాతవి కొనకండి. ఇంకోటి, మన ఊళ్లలో ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. అది మన పైసలే. సిద్దిపేట జిల్లా గ్రంథాలయానికి పోయి ఈ పుస్తకాలు తెప్పించమని రాతపూర్వకంగా అడగండి. ఒక్కరు అడిగితే పక్కన పెడతారు. 20 మంది సంతకాలు పెట్టి అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుంది. ఆ కాగితం ఈ రోజే రాసుకొచ్చాను, భోజనాలప్పుడు అందరూ సంతకం పెట్టండి.

చివరగా, నేను ఆరు పుస్తకాలు తెచ్చాను, సంఘం గది బీరువాలో పెడుతున్నాను. భట్ ఒకటి, మెహతా ఒకటి, మానో ఒకటి, ఖండ్‌పూర్ ఒకటి. నా ఆబిడ్స్ అమెరికా పుస్తకం కూడా ఇస్తున్నాను, మొదటి పేజీలో థర్డ్ యాంగిల్ అని ఎర్ర సిరాతో రాశాను. ఆరోది ఆ 2006 ఆటోక్యాడ్ పుస్తకం. అది చదవడానికి కాదు, ఎట్లాంటిది కొనకూడదో చూసుకోవడానికి. తీసుకునేవాళ్లు రిజిస్టర్లో పేరు, ఊరు, తేదీ రాయండి, నెలలో తిరిగి ఇవ్వండి. భట్ పుస్తకంలో శంకువుల పాఠం దగ్గర నాలుగు పేజీలు ఊడి ఉన్నాయి, మెల్లగా తిప్పండి. అందులో పెన్సిల్‌తో వేసిన లెక్కలు నావి. కొన్ని తప్పు.